ఆపే లైను

2006 జూన్‌లో ఒక బుధవారం, యాకుత్‌పురా స్టేషన్‌లో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఉన్నట్టుండి నుదురు కొట్టుకుని, సెల్‌ఫోన్ తీసి ఒకే నంబరు రెండుమూడుసార్లు నొక్కింది. కంచన్‌బాగ్‌లో ఏదో ల్యాబులో పనిచేస్తుందట.

"ఏమైందమ్మా?"

"కంప్యూటర్ల పైథాన్ ప్రోగ్రాం నడవబెట్టి వచ్చిన, అమ్మా. అది వైరు మీదికెల్లి పవర్ సప్లై మిషనుకు హుకుం ఇస్తది, రెండు నిమిషాలకు అర వోల్టు పెంచుమని. పది వోల్టులకు ప్రోగ్రాం అయిపోతది. కరెంటు బంద్ చేసే లైను రాయలే!"

"ప్రోగ్రాం అయిపోతే మిషనూ ఆగదా?"

"ఆగదు. ఆఖర్ల ఏం చెప్పినమో గదే పట్టుకొని కూసుంటది. పది వోల్టుల మీద పది నిమిషాలుంటే, టెస్టు కోసం దానికి తగిలించిన పీసు కాలిపోతది. ఉన్నదే ఒక్కటి! లోపలున్నోళ్ల సెల్‌ఫోన్లు అన్నీ గేటు కాడనే ఉంటయి. ల్యాబు ఫోను ఎవ్వరు ఎత్తుతలేరు."

ఆమె మళ్ళీ నంబరు నొక్కింది.

"ఎన్నింటికి మొదలుపెట్టావు? సున్నా నుంచేనా?"

"సున్నా నుంచే. ఒంటి గంట పదికి."

ఇరవై మెట్లు, నలభై నిమిషాలు. ఆ పైన పది.

"సరిగ్గా రెండింటి దాకా టైముంది. ఇప్పుడు ఒకటీ ఇరవై ఐదు. ఆటోలో వెళ్ళు."

"పక్కానా అమ్మా?"

"లెక్క తప్పదు. నువ్వు ముందు లే."

రైలు వస్తుంటే ఆమె బయటికి పరుగెత్తింది. నేనూ ఆ రైలు ఎక్కలేదు. గడియారంలో రెండయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.

పీసు ఏమైందో నాకు తెలియదు. ఇప్పటికీ నీళ్ళ మోటారు వెయ్యమని పనమ్మాయికి చీటీ రాసేటప్పుడు, ఎన్నింటికి ఆపాలో ముందు రాస్తాను.