టైలర్ బాబాయి కొత్త స్పీకర్లు

మేము అద్దెకుంటున్న గదుల కింద టైలర్ బాబాయి దుకాణం. పైన మేం కుర్చీ జరిపితే ఆయనకు తెలుస్తుంది, కింద ఆయన పాట పెడితే మాకు తెలుస్తుంది. పాప పుట్టాక ఈ తెలియడం నాకు భయంగా మారింది. ఫిజిక్స్ చదువుకున్న తల్లికి ఒక కష్టం ఎక్కువ. అందరికీ చప్పుడు చప్పుడే, ఆమెకు మాత్రం డెసిబెల్స్. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని ఊయల పక్కనా, మంచం కిందా, తలుపు దగ్గరా కొలిచాను. ప్రమాదమేమీ లేదని యాప్ చెప్పింది. నేను నమ్మలేదు. ఒక మధ్యాహ్నం పాపను చంకనేసుకుని కిందికి దిగాను.

"బాబాయ్, పాట కాస్త తగ్గిస్తారా? దీనికి నిద్ర పట్టడం లేదు."

ఆయన తలెత్తక ముందే మూలన కూర్చున్న కాజాల అక్క అందుకుంది. చొక్కాలకు కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, అంచులు మడవడం ఆమె పని. ఆ దుకాణంలో చేతులకు ఎంత పనో ఆమె నోటికీ అంతే పని.

"చెప్పమ్మా, నువ్వైనా చెప్పు. నేను చెప్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆ డబ్బాల్లోంచి వచ్చేది పాటో, రేకుల మీద వానో నాకు ఇప్పటిదాకా తెలీలేదు."

బాబాయి నవ్వాడు. "తగ్గిస్తే ఆవిడ వినపడదమ్మా."

"ఎవరు బాబాయ్?"

"ఉండు. ఇప్పుడొస్తుంది."

మిషన్ తొక్కడం ఆపి చెయ్యి పైకెత్తాడు. బల్ల మీద పాత కంప్యూటరు, దాంతోపాటే వచ్చిన అరచేతంత స్పీకర్లు రెండు. ఒకదాని ముందు జాలీ ఊడిపోతే టేపు అంటించి ఉంది. పాటలో రెండో చరణానికి ముందు ఆడవాళ్ల కోరస్ మొదలైంది. అన్ని గొంతులూ కలిసి ముద్దగా వినిపిస్తుంటే, వాటి మీదుగా ఒక సన్నని గొంతు మాటల్లేకుండా "ఊ..." అంటూ లేచి, ఒక మెట్టు దిగి, ఆగిపోయింది.

"మా ఆవిడ," అని మళ్లీ మిషన్ తొక్కాడు.

తర్వాత్తర్వాత మిగతాది ఆయన నోటే విన్నాను. వయసులో ఉన్నప్పుడు సినిమాలకు దుస్తులు కుట్టే పెద్ద దుకాణంలో ఆయన కటింగ్ మాస్టర్. ఆవిడ అక్కడే కుట్టుపని చేసేది. ఒక్కతే ఉన్నప్పుడు పాడుకునేదట, మనిషి అలికిడైతే ఆపేసేదట. ఆ దుకాణానికి వచ్చిపోయే సంగీతం మనిషొకాయన తలుపు వెనక నుంచి విని, ఒక పాట కోరస్‌కి ఒకమ్మాయి తక్కువైందని తీసుకెళ్లాడు. ఒకే ఒక్కసారి. బాబాయి బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఆ సినిమా వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. పాట మాత్రం ఎలాగో బతికింది. ఆవిడ బతకలేదు. జ్వరమని ఆస్పత్రికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. వాళ్లకు పిల్లల్లేరు. చేతిలో ఫోను పట్టుకుని అన్నీ దాచుకునే రోజులు కావవి. రెండు ఫొటోలున్నాయి. గొంతంటూ ఉంటే ఆ పాటలోనే ఉంది.

అందుకే దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లనూ అక్కడ ఆపేవాడు. ఒక బ్యాంకు మేనేజరుకు నడుము కొలుస్తూ ఆపేశాడట. ఆ పెద్దమనిషి మర్యాదకు ఊపిరి బిగబట్టి పాట వినడంతో ప్యాంటు రెండంగుళాలు బిగుతై కూర్చుంది.

"ఆయన వదిలిన ఊపిరికి నేను మళ్లీ కుట్లు వదలాల్సొచ్చింది," అని కాజాల అక్క ఇప్పటికీ విసుక్కుంటుంది.

నేనడిగిన రోజు నుంచి బాబాయి శబ్దం బాగా తగ్గించాడు. కోరస్ దగ్గరికి రాగానే మాత్రం పని వదిలి, నడుం వంచి, టేపు అంటించిన ఆ డబ్బాకు చెవి ఆనించేవాడు. అరవై దాటిన మనిషి నా మూలంగా రోజుకు ఇన్నిసార్లు వంగడం చూడలేకపోయాను.

"బాబాయ్, తప్పు శబ్దానిది కాదు, డబ్బాలది. మంచి స్పీకర్లయితే చిన్నగా పెట్టినా అన్నీ వినపడతాయి. ఎక్కువ ఖరీదు అక్కర్లేదు, చవకలోనే మంచివి చూద్దాం."

"ఆవిడ ఇంకా బాగా వినపడుతుందా?"

"ఎందుకు వినపడదు?"

"మాట్లాడుతుంటే ఎలా ఉండేదో అలాగా?"

"దాదాపు అలాగే," అన్నాను.

"డబ్బా మారిస్తే పాట మారుద్దా ఏంటి?" అని గొణిగింది అక్క. ఆయన అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

స్పీకర్ల దుకాణం కుర్రాడు మొదట మోకాలెత్తు నల్లపెట్టె ఒకటి మోగించాడు. అద్దాల బీరువా గజగజలాడింది. "చూడండి సార్, గుండె అదరాల్సిందే!"

"గుండె బాగానే ఉందయ్యా. చెవికేమైనా ఉంటే చూపించు," అన్నాడు బాబాయి.

ఆ పెట్టెలన్నీ వద్దని, చెక్కతో చేసిన ఒక చిన్న జత ఎంచాను. ఒక్కోదానిలో కింద లావు శబ్దాలకు అరచేతంత కోన్, పైన గుండీ అంతటి ట్వీటరు. అట్టపెట్టె మీద పెద్దగా రాసిన వాట్లు నమ్మొద్దనీ, సన్నని శబ్దాలన్నీ ఆ గుండీలోంచే వస్తాయనీ దారంతా చెప్పాను. ఆయన పెట్టెను ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా విన్నాడు. గుండీ అనగానే మాత్రం, "అయితే మన సరుకే," అన్నాడు.

దుకాణంలో వాటిని చెవుల ఎత్తున అల్మరాకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెట్టాం. చెక్క అదరకుండా కింద గుడ్డముక్కలు మడిచి వేశాను.

"పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెడుతోంది," అంది అక్క. అసలు పిల్ల కటింగ్ బల్ల మీద బట్టల కుప్పలో పడుకుని వేలు చప్పరిస్తోంది.

శబ్దం తక్కువలోనే పాట పెట్టాను. మొదటి వాయిద్యానికే బాబాయి ముఖం విప్పారింది. "అరే, ఇక్కడ గిటారుందా! తీగ మీద వేలు జారడం కూడా వినపడుతోందే! ఇన్నేళ్లూ ఎక్కడ దాక్కుంది దొంగది?" కాజాల అక్క సూది పక్కన పెట్టింది. వానా లేదు, రేకులూ లేవు. మనుషులు గదిలోకొచ్చి పాడుతున్నట్టుంది.

కోరస్ వచ్చింది. బాబాయి చెయ్యెత్తాడు.

ముద్ద విడిపోయింది. ఎడమవైపు ఒక ఆడగొంతు, కుడివైపు రెండు. ముగ్గురూ ఎవరికి వారుగా తెలుస్తున్నారు. వాళ్ల మీదుగా ఆ "ఊ..." లేచింది. దానికి ముందు సన్నగా గాలి ఊదిన చప్పుడు. ఆ తర్వాత స్వరం. దిగేటప్పుడు రంధ్రం మీద వేలు కదిలిన చిన్న శబ్దం. అది గొంతు కాదు. ఎవరు విన్నా చెప్పగలరు.

ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉంది. పాట ముందుకెళ్లిపోయింది. వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. మళ్లీ విన్నాడు.

కారణం నాకు తెలుసు. పిల్లనగ్రోవి స్వరం చాలా శుద్ధంగా ఉంటుంది. మూసిన పెదాలతో ఆడమనిషి తీసే కూనిరాగానికీ దానికీ తేడా చెప్పేవి పైనుండే సన్నని ధ్వనులూ, ఆ గాలి చప్పుడే. పాత డబ్బాలు వాటిని పలికేవి కావు. నేనిదంతా నోటి దాకా తెచ్చుకుని మింగేశాను. ఆయనకది ఏ పనికొస్తుంది?

"పిల్లనగ్రోవి కదమ్మా?"

"అవును బాబాయ్."

కాసేపు ఆయన బల్ల మీది సుద్దముక్కను అటూ ఇటూ దొర్లించాడు. "తననే అడిగాను. క్యాసెట్టు తెచ్చిన రోజు, దుకాణంలోనే. 'ఇదే కదా నువ్వు?' అన్నాను. 'ఊ' అంది. అప్పుడు తన నోట్లో గుండుసూదులున్నాయి."

కుట్టుపనివాళ్లకు వివరించక్కర్లేదు. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకున్న మనిషి దేనికైనా "ఊ" అనే అంటుంది. అక్క తల దించుకుంది.

నాకప్పుడు ఒక మంచి సంగతి తట్టిందనుకున్నాను. "బాబాయ్, కోరస్‌లో ముగ్గురున్నారు. ఆవిడ ఆ ముగ్గురిలోనే ఉండాలి. ఇప్పుడు విడివిడిగా వినపడుతున్నారు కదా. ఒక్కో పక్కకూ వెళ్లి వినండి."

ఆయన గబగబా లేచాడు. ఎడమ స్పీకరు దగ్గర కళ్లు మూసుకుని విన్నాడు. కుడివైపు విన్నాడు. మళ్లీ ఎడమవైపు వచ్చాడు. నేను పాటను వెనక్కి జరుపుతూ, ఏ క్షణాన ఆయన ముఖం మారుతుందా అని చూస్తూ కూర్చున్నాను. మారింది. నేననుకున్నట్టు కాదు.

"తెలీడం లేదమ్మా."

"ఇంకొక్కసారి వేయనా?"

"వద్దు. పాటదేం తప్పు లేదు. నాకే తన గొంతు గుర్తు లేదు."

స్టూలు మీద కూర్చుని, నాకు కాక తనకే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "కల్లోకొచ్చి పిలిచినా ఆ సన్నని గొంతుతోనే పిలిచేది. అన్నానికి రమ్మన్నా, కత్తెర ఎక్కడ పెట్టావని కసిరినా అదే గొంతు. ఇన్నేళ్లూ ఆ పిల్లనగ్రోవితోనే మాట్లాడానన్నమాట. తనెలా మాట్లాడేదో..." చెయ్యి విప్పి చూపించాడు. అందులో ఏమీ లేదు.

ఉన్నట్టుండి అక్కవైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. నువ్వూ అప్పటి దుకాణంలో తనతో పనిచేశావుగా. ఏది తను?"

అక్క వచ్చి రెండు స్పీకర్ల మధ్య నిలబడి, నుదురు చిట్లించి చివరిదాకా వింది. ఆమె అబద్ధం చెప్తుందని అనుకున్నాను. చెప్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"వదిన నా ముందెప్పుడూ పాడలేదన్నా. సూది పోగొట్టావే మొద్దూ అని తిడితే ఎన్నేళ్లకైనా గుర్తుపడతాను. పాడితే ఎలా చెప్పను?" నవ్వబోయింది. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

మర్నాడు చూస్తే కొత్తవి తీసేసి మళ్లీ పాత డబ్బాలు తగిలించి ఉన్నాయి. లాభం లేకపోయింది. వాటిలోనూ ఆయనకిప్పుడు పిల్లనగ్రోవే వినపడుతోంది. ఒకసారి తెలిశాక చెవి మళ్లీ మోసపోదు. "ఇవి పెట్టినా అదేనమ్మా," అని వైర్లు పీకి నా చేతికిచ్చాడు. కొత్తవి తిరిగి తగిలించాను. వాటినాయన మోగించలేదు. కింద పాట లేక కొన్నాళ్లు పాప ఎంత హాయిగా నిద్రపోయిందో చెప్పలేను. నేను మాత్రం దాని పక్కన పడుకుని నేలవైపు చెవి పెట్టి ఉండేదాన్ని.

ఒక ఉదయం చిన్నగా పాట వినిపించింది. పాప గౌను పొట్టిదైందన్న సాకుతో కిందికి వెళ్లాను. బాబాయి ఒకామెకు చేతి కొలత తీస్తున్నాడు. కోరస్ మొదలయ్యే ముందే టేపు ఆమె భుజం మీద అలాగే వదిలేసి నిలబడ్డాడు. మునుపు ఆ "ఊ..." ఒక్కదాని కోసమే ఆగేవాడు. ఇప్పుడు మొదటి గొంతు నుంచే చెవి పెట్టాడు.

"ఏమైందండీ?" అంది ఆమె.

"వాళ్లలో ఒకరు మా ఆవిడమ్మా."

"అలాగా! ఏ గొంతు?"

"ముగ్గుర్నీ వినండి," అన్నాడు. "ఒకర్ని వదిలేస్తే తననే వదిలేస్తామేమో."

కాజాల అక్క సూది ఆపింది. కొలతకొచ్చినామె చాచిన చెయ్యి దించకుండా కోరస్ అయ్యేదాకా అలాగే నిలబడింది.