చెయ్యి మేస్త్రి మాట

షెడ్డుకు బోర్డు ఉంది గానీ దాన్ని చదివినవాళ్లు లేరు. "చెయ్యి మేస్త్రి షెడ్డు" అంటే చాలు, ఆ వీధిలో ఎవరైనా దారి చూపిస్తారు. పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి ఇంజిను కడుపులో ఏముందో చెప్పేవాడని ఆయనకా పేరు వచ్చింది. ఇప్పుడు స్పానర్లు పట్టేది ఆయన కూతురు. మేస్త్రి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుంటాడు, చేతితో పని పడితే లేస్తాడు. కూతురు స్కానర్ కొన్న రోజున, "బిడ్డ జ్వరం చూడ్డానికి తల్లి చెయ్యి చాలదా, థర్మామీటరెందుకు?" అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. స్కానర్ ఏం చెప్పినా చివరి మాట మాత్రం నాన్న చేతిదే. ఆ షెడ్డు రివాజు అది.

ఓ రోజు పాల వ్యాన్ వచ్చింది. దాని డ్రైవరు మనసు మంచిదే, నోటికే మూత లేదు.

"ఎత్తు కనిపిస్తే చాలక్కా, చతికిలబడుతోంది. మీటరులో ఎర్రలైటు ఒకటి. లోపల పాలు విరిగాయంటే మా యజమాని నన్ను విరగ్గొడతాడు."

ఆమె స్కానర్ తగిలించింది. పొగగొట్టంలో వేడి హద్దు దాటిందని అది చూపించింది. ఆ వేడికి భయపడి బండిలోని కంప్యూటరే ఇంజిను బలం తగ్గించేస్తోంది. అయితే గొట్టం నిజంగానే కాలిపోతోందా, లేక వేడి కొలిచే సెన్సర్ అబద్ధమాడుతోందా అన్నది తేలాలి. మేస్త్రి లేచి వెళ్లి గొట్టం వెనక అరచెయ్యి పెట్టాడు.

"గోరువెచ్చగా ఉందంతే. సెన్సర్ పోయిందమ్మా, మార్చెయ్."

మార్చింది. మర్నాడు వ్యాన్ మరో బండికి తాడు కట్టించుకుని తిరిగొచ్చింది. అదే లైటు, అదే మొండితనం.

ఈసారి ఆమె తొందరపడలేదు. వ్యాన్‌ను రాత్రంతా షెడ్డులోనే చల్లారనిచ్చింది. నిద్ర లేవని బండిలో గొట్టం లోపల వేడి, బయట గాలి వేడి ఒకటే ఉండాలి. పొద్దున చూస్తే ఒకటిగానే ఉన్నాయి. పీకి పారేసిన పాత సెన్సర్‌ను వెతికి తగిలించి చూసింది. అదీ అదే అంకె చూపించింది. డ్రైవరును ఎక్కించి ఇంజిను నడిపించి, వైర్లు కదిలించింది. అంకె తడబడకుండా మెల్లగా పైకెక్కి హద్దు దాటింది. అంటే పాత సెన్సర్ పాపం మొదటినుంచీ నిజమే చెబుతోంది.

మరి ఆ గోరువెచ్చదనం ఎక్కడిది? ఆమె తన చెయ్యి గొట్టం వెనక పెట్టింది. జానెడు దూరంలోనే చురుక్కుమని వెనక్కి లాక్కుంది. అడగాలని లేకపోయినా, నాన్నను పిలిచింది.

మేస్త్రి వచ్చి చెయ్యి పెట్టాడు. ఆమె ఆగలేకపోయిన చోటు దాటి ఇంకా ముందుకు పెట్టాడు. అరచెయ్యి అంచు గొట్టానికి ఆనింది.

"గోరువెచ్చగానే ఉందే," అన్నాడు.

చర్మం కమిలిన వాసన వచ్చింది. ఆమె మణికట్టు పట్టి లాగేసింది. చెయ్యి అంచున తోలు తెల్లబడి ఉబ్బుతోంది. మేస్త్రి దాన్ని ఎవరిదో వస్తువును చూసినట్టు చూశాడు.

డ్రైవరు ఇంజిను ఆపి దిగాడు. "ఏమైంది పెద్దాయనా?"

"ఏం లేదన్నా," అంది ఆమె గబగబా. "సెన్సర్ బాగానే ఉంది. ఆ రోజు నేనే పొరబడి మార్చాను."

నాన్న పేరు నిలబెట్టాలని అలా అంది. మేస్త్రి కూడా ఊరుకుని ఉంటే ఆ మాట అక్కడితో చెల్లిపోయేది.

"తను పొరబడలేదు బాబూ," అన్నాడాయన. "సుగరు వల్ల ఈ చేతికి స్పర్శ పోయింది. వానలకు ముందు నుంచే వేడీ తెలీదు, చల్లనా తెలీదు. ఇంట్లో చెప్పలేదు. నీ బండికి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కారుతోంది. ఆ డీజిలంతా గొట్టంలోకొచ్చి మండుతోంది. ఇంజిను టకటకమని కొట్టుకోవడం మొదటిరోజే నా చెవికి తెలిసింది."

"మరి చెప్పలేదేం నాన్నా?"

"నన్ను చెవి పెట్టమని ఎవరడిగారమ్మా? అందరూ చెయ్యి పెట్టమంటారు. చెయ్యి పోయిందని తెలిస్తే ఇంకెందుకు పిలుస్తారు?"

మూతలేని నోటికి మూత పడింది. డ్రైవరు వెళ్లి బకెట్టుతో నీళ్లు తెచ్చాడు. ఆమె నాన్నను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆ చేతిని నీళ్లలో ముంచి పట్టుకుంది. చిన్నప్పుడు తన చెయ్యి కాలితే ఆయన అడిగే మాటే, ఆలోచించకుండా ఆమె నోటికొచ్చింది.

"మంటగా ఉందా?"

"లేదమ్మా," అన్నాడు మేస్త్రి.

ఉందంటే బాగుండేది. ఆమెకు ఏడుపొచ్చింది.