ఆటవెలది, మొదటి పాదం

ఎవరేం మాట్లాడినా పద్యాల మాస్టారి చెవి మాట మీద ఉండదు, గురులఘువుల మీద ఉంటుంది. ఎదుటివాళ్లు చెబుతున్నంతసేపూ ఆయన బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద గణాలు లెక్కపెడుతూనే ఉంటుంది. హెడ్మాస్టరు చీవాట్లు పెట్టినా అంతే. అన్నీ విని, "చివర్లో ఒక లఘువు ఎక్కువైందండీ" అంటారు. జేబులో మరిచిపోయిన సుద్దముక్క చొక్కాతో పాటే ఉతుకులోకి పోతుంది. మొన్న భోజనాల దగ్గర భార్య తన ఆపరేషన్ ఏ రోజో మూడోసారి చెప్పింది. చెబుతూ చెబుతూ ఆయన వేళ్లు చూసి, కంచం పక్కకు నెట్టి, "మాట వినని మీకు మాటలే దండగ!" అంది. మాస్టారి ముఖం వెలిగిపోయింది. "అచ్చమైన ఆటవెలది! యతి కూడా పడిందే!"

మర్నాడు ఆ పాదం తొమ్మిదో తరగతి బోర్డు ఎక్కింది. ఏడాదంతా గణాలు తప్పిన పిల్లలు దాన్ని మాత్రం ఒక్క పొరపాటు లేకుండా విడగొట్టారు.

"మిగతా మూడు పాదాలు కూడా చెప్పండి సార్," అంది ముందు బెంచీ అమ్మాయి.

"అప్పట్నుంచీ మా ఆవిడ మాట్లాడ్డం లేదమ్మా," అన్నారు మాస్టారు. ఆ మాటకు ఆయన వేళ్లు కదల్లేదు.