చెయ్యి కాదు, షట్టర్

మహబూబాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుని, నేను తీస్తే మసకగా వచ్చిన పెళ్లి ఫొటోలు కెమెరాలో చూసుకుంటున్నాను. మా బాపుకు చేతులు వణికే జబ్బుండేది. నాకూ మొదలైందని భయం పట్టుకుంది.

"ఏంది నాయిన, గంత పరేషాన్ అయితున్నవ్?" అంది పక్కనున్న పెద్దావిడ. మరిపెడలో ఫొటో స్టూడియో నడిపిందట. నా భయం చెప్పాను. కెమెరాను బల్ల మీద పెట్టించి, టైమర్‌తో గోడ గడియారాన్ని తీయించింది. అదీ మసకే.

"ఇప్పుడు నువ్వు ముట్టనే లేదు గదా! కెమెరా లోపలి షట్టర్ కొట్టుకునే అదురుకే బొమ్మ చెదురుతాంది. సైలెంట్ మోడ్ల చప్పుడు లేని షట్టర్ పెట్టి, చేతుల పట్టుకోని తియ్యి."

ఈసారి చేత్తో పట్టుకునే తీశాను. గడియారం మీది సన్నగీతలు కూడా స్పష్టంగా కనిపించాయి.

"నీ చేతులు మంచిగున్నయ్ నాయినా" అని ఆవిడ రైలెక్కింది.

ప్లాట్‌ఫాం మీద చాయ్ తీసుకుని, చాన్నాళ్లకు, వణుకుతోందా అని గ్లాసు వంక చూడకుండా తాగాను.