వరండాలో ఖాళీ మేకు

మా మేనత్త పోయిందని ఫోనొచ్చినప్పుడు నేను ఆఫీసులో అర్జీలు చూస్తున్నాను. నర్సీపట్నం చేరేసరికే ఆవిణ్ణి వరండాలో పడుకోబెట్టారు, ఇత్తడి నేమ్‌ప్లేట్ల గోడ కింద.

ఆ గోడ సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఎవరికి ఉద్యోగమొచ్చినా పేరూ హోదా చెక్కించి అక్కడ తగిలించడం తాతగారి నాటి ఆనవాయితీ. మునసబు, సుబేదారు, మేజరు, తహసీల్దారు, అలా పదకొండు. పెళ్లయిన రెండో ఏడాదే సరిహద్దులో చనిపోయిన మావయ్య కెప్టెన్ ప్లేటూ ఉంది. అత్త పుట్టింటికి వెంట తెచ్చుకున్నది అదొక్కటే.

హోదాలవాళ్లంతా ఊళ్లు తిరుగుతుంటే గొలుగొండలో చెరకూ, నాతవరంలో వరీ చూసుకున్నది అత్తే. ప్రతి శనివారం చింతపండుతో ఆ ప్లేట్లన్నీ తోమేది. ఎవరైనా వచ్చి "పెద్దలెవరూ లేరా అమ్మా?" అంటే, "అందరూ గోడమీదే ఉన్నారు. కూకోండి, సంగతేటో నాతో సెప్పండి" అనేది. వాళ్లు నవ్వేవారు. ఆవిడ నవ్వేది కాదు.

నేను డిప్యూటీ తహసీల్దారునయ్యాక నా ప్లేటు తనే స్టూలెక్కి తగిలించింది. ఆ గోడకెక్కిన మొదటి ఆడపేరు నాది. పొంగిపోయి, "తర్వాతది నీదే అత్తా, నేను చేయిస్తాను" అన్నాను.

"ఓలమ్మ! నేనేటి ఉద్యోగం సేసేనని? పేరు కింద ఏటి రాయిస్తావే?" అంది. స్టూలు దిగుతూ, "సేయిస్తే బేగి సేయించు" అంది.

మర్చిపోయాను. ఆరేళ్లు! చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పెద్దకర్మ కాగానే సెలవుల్లేవంటూ అందరూ వెళ్లిపోయారు. వరండాలో ఒక్కదాన్నే కూర్చున్నాను. "సంగతేటో సెప్పు" అనే మనిషి లేని ఇల్లు ఇంత పెద్దదని అప్పటిదాకా తెలియదు. అప్పుడే నా ప్లేటు పక్కన ఒక ఖాళీ మేకు కనబడింది. పొలాలు చూసే అప్పన్నని అడిగాను.

"అమ్మగారే కొట్టించారండి, మీరు పేరు సెక్కించి తెస్తారని. శనివారం దాన్నీ తుడిసేవోరండి" అన్నాడు.

నిన్న చెక్కే దుకాణానికి వెళ్లాను. "పేరు కింద ఏటి రాయమంటారు మేడమ్?" అన్నాడు ఆయన. "ఏమీ వద్దండీ, పేరే కాస్త పెద్దగా చెక్కండి" అన్నాను. వచ్చే వారం ఇస్తానన్నాడు. అందుకే ఆవిడ పేరు ఇక్కడ రాయలేదు. ముందు ఆ గోడమీద ఉండాలి.

ఇవాళ శనివారం. చింతపండు నానబెట్టి ప్లేట్లన్నీ తోమాను. చివర్న ఆ మేకునీ తుడిచాను.