ఖాజా సాబ్ ఎంచిన కొండ

నిన్న పొద్దున మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆగిపోయింది. తలుపు తీసిపెట్టుకుని కాఫీ తాగుతుంటే ఎవరో మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినబడింది. నాలుగు మెట్లు, కాసేపు ఆగడం, పిల్లికూతల్లాంటి సన్నటి ఊపిరి, మళ్లీ నాలుగు మెట్లు. మనిషి ఇంకా కనబడనే లేదు, ఈయనకు స్విట్జర్లాండ్‌లో రిగి కొండే మేలు, అంతకంటే పైకి వద్దు అని నా మనసు తీర్పు చెప్పేసింది. పాడు అలవాటు, ఇన్నేళ్లయినా వదలదు. దాన్ని నాకు అంటించిన మనిషి ఖాజా సాబ్.

తొంభైల చివర్లో డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న నన్ను ఆయన పనిలో పెట్టుకున్నాడు. మాది కోస్తా నుంచి వచ్చి మేడ్చల్ దగ్గర కొత్త కాలనీలో స్థిరపడ్డ ఉద్యోగస్తుల కుటుంబం. ఆయనది అలియాబాద్‌లో సేద్యం చేసుకునే ఇల్లు. సుచిత్ర చౌరస్తాలో ఒక మూడో అంతస్తు గదిలో ట్రావెల్స్ ఆఫీసు పెట్టుకుని జనాన్ని స్విట్జర్లాండ్ పంపించేవాడు. తను మాత్రం విమానం మెట్టు ఎక్కి ఎరగడు. అయినా ఏ కొండకు రైలుందో, ఏ కొండకు తీగల మీద నడిచే పెట్టె ఉందో అరచేతిలో గీతల్లా చెప్పేవాడు.

కుటుంబం బయల్దేరేముందు అందర్నీ ఒకసారి ఆఫీసుకు రమ్మనేవాడు. వాళ్లొచ్చే వేళకు లిఫ్ట్ పనిచెయ్యడం లేదని చెప్పమని వాచ్‌మన్‌కు హుకుం. అందరూ రొప్పుతూ మూడంతస్తులు ఎక్కుతుంటే ఎవరు ఎక్కడ ఆగారో ఆయన మెట్ల పైనుంచి తొంగి చూసేవాడు. ఎవరు ముందు కుర్చీ వెతుక్కున్నారో, ఎవరు మాట్లాడబోయి మధ్యలో ఆగారో చాయ్ కలుపుతూ గమనించేవాడు. పెద్దవాళ్ల దమ్ము బాగుంటే మంచు కప్పిన టిట్లిస్, లేకపోతే అంత ఎత్తు లేని, పచ్చికతో ఉండే రిగి. ఆ మాట వాళ్ల ముఖాన చెప్పేవాడు కాదు. ప్రయాణ పత్రంలో రెండు కొండలూ రాసిపెట్టి, కొండెక్కాల్సిన రోజు పొద్దున, పైన మబ్బు కమ్మింది, టిట్లిస్ కుదరదు అనమని వెంట వెళ్లే గైడ్లకు చెవిలో చెప్పి పంపేవాడు. ముసలివాళ్ల పరువు పోకుండా ఇదొక మర్యాద అనుకునేదాన్ని నేను కూడా.

ఒకసారి కారణం అడిగాను. అంతకుముందు ఆయన కేదార్‌నాథ్ యాత్రలకు బస్సు నడిపేవాడట. ఒక అవ్వ గుడికి ఎక్కే నడకదారిలో కూలబడితే, ఇంకో రెండు మలుపులే అని హుషారు చేసి నడిపించాడు. రెండో మలుపు దగ్గర ఆమె పోయింది. 

రెండువేల నాలుగులో మా వంతు వచ్చింది. నాన్న ఫ్యాక్టరీ డ్రాయింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. టిట్లిస్ బొమ్మ ఉన్న పాత క్యాలెండర్ కాగితాన్ని తన టేబుల్ అద్దం కింద ఏళ్ల తరబడి దాచుకున్న మనిషి. ఆయనకున్నది ఒకటే కోరిక, చేత్తో ఒక్కసారి మంచు ముట్టుకోవాలి. అమ్మానాన్నలతో నేనూ వెళ్లేలా అంతా సిద్ధం చేసుకుని ఆఫీసుకు తీసుకొచ్చాను. నాన్న నవ్వుతూనే వచ్చారు, నవ్వుతూనే కూర్చున్నారు. వాళ్లు వెళ్లాక ఖాజా సాబ్ నన్ను పిలిచాడు.

"మీ నాయినను పైకి తీస్కపోకు బిడ్డా. రెండో అంతస్తుల పండ్ల డాక్టర్ బోర్డు ఎంతసేపు సదివిండో సూసినవా? గది సదువుడు గాదు, దమ్ము తీస్కునుడు."

నాకు ఒళ్లు మండింది. అందరి నాన్నలకూ వర్తించిన న్యాయం మా నాన్నకు వర్తిస్తుందని ఊహించలేదు. ఎదురు వాదించాను. ఆయన కోప్పడలేదు, అవ్వ సంగతి ఒక్కటే గుర్తుచేశాడు. దాంతో మా నాన్నకూ రిగే అని ఒప్పుకున్నాను.

స్విట్జర్లాండ్‌లో టిట్లిస్ వెళ్లాల్సిన పొద్దున హోటల్లో నేనే చెప్పాను, పైన మబ్బట నాన్నా అని. సరేనమ్మా అన్నారు. రిగి మీద గడ్డి మోకాళ్లదాకా ఉంది, మెడలో గంటలతో ఆవులు మేస్తున్నాయి, అమ్మ మురిసిపోయింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. దూరంగా కొండల వరస తెల్లగా, ఒక్క మబ్బు తునక లేకుండా మెరుస్తోంది. నాన్న రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు అటే చూశారు. అందులో టిట్లిస్ ఏదని అడుగుతారేమోనని నేను ఆవుల వైపు నడిచాను. ఆయన అడగలేదు. ఫోటోల్లో అన్నింటిలోనూ నవ్వుతూనే ఉన్నారు.

ఏడాదిన్నర తర్వాత గుండె జబ్బుతో పోయారు. దానికి మూడు రోజుల ముందు నేను జావ తాగిస్తుంటే గిన్నె పక్కకు నెట్టి అన్నారు.

"ఆ రోజు మబ్బు లేదమ్మా. నన్నే అడిగుంటే నేనే వద్దనేవాణ్ణేమో."

 పెద్ద కర్మ అయ్యాక ఆఫీసుకెళ్లి, ఈ మాట ఖాజా సాబ్‌కు అక్కసుతోనే చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు. మర్నాడు వాచ్‌మన్‌ను పిలిచి ఇక లిఫ్ట్ నడవనిమ్మన్నాడు. ఆ తర్వాత వచ్చిన పెద్దవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పైకి పోతే కష్టమవుతది, ఇష్టం మీది అని నేరుగా చెప్పేవాడు. కొందరు అవమానమనుకుని లేచిపోయారు. కొందరు రిగి చాలన్నారు. ఇద్దరు ముగ్గురు తెలిసే టిట్లిస్ వెళ్లారు. వాళ్లు తిరిగొచ్చేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు.

తర్వాత ఆయన ఊపిరితిత్తులకే క్యాన్సర్ వచ్చింది. ఆసుపత్రి వరండాలో ఆయన కూతురు నస్రీన్ నా చేతులు పట్టుకుని, మందులు ఇక పనిచెయ్యవన్నారక్కా, అబ్బాకు ఏమీ చెప్పొద్దు, నిమ్ము అని చెప్పాం, పండగకు ఇంటికి పోదామన్నాం అని బతిమాలింది. సరేనని తలూపి లోపలికి వెళ్లాను. ఆయన కళ్లు తెరిచి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"నా బిడ్డ నన్ను పరేషాన్ చెయ్యొద్దని ఏదో జెప్తాంది. నువ్వు జెప్పు. మంచిగయి ఇంటికి పోతనా?"

వెనకే వచ్చిన నస్రీన్ నా వైపే చూస్తోంది. నాకు నాన్న నెట్టేసిన జావగిన్నె కళ్లలో మెదిలింది.

"మందులు ఇక పనిచెయ్యవంటున్నారు సార్. ఇంటికి వెళ్లాలనుంటే ఇప్పుడే వెళ్లాలి."

 ఆయన, ఇగ అలియాబాద్ తోల్కపొమ్మను బిడ్డా అన్నాడు. ఆ సాయంత్రమే తీసుకెళ్లారు. పొలం గట్టు తగాదాతో ఏళ్లుగా మాటల్లేని ఆయన సొంత అన్న, కబురందుకుని వచ్చి, రెండు రోజులు మంచం పక్కన కూర్చుని చెంచాతో నీళ్లు పోశాడట. నాలుగో రోజు ఖాజా సాబ్ పోయాడు. ఆసుపత్రిలో ఉంటే ఇంకో నెల బతికేవాడని నస్రీన్ నమ్మకం. అది నిజం కూడా కావచ్చు. ఆ మధ్య షామీర్‌పేటలో ఒక పెళ్లిలో ఎదురుపడితే మొహం తిప్పుకుంది. నేను పలకరించలేదు. ఆమె కోపాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

ఖాజా సాబ్ మళ్లీ అడిగితే మళ్లీ అదే చెబుతాను. టిట్లిస్ వెళ్దామా అని నాన్నను అడగడానికే నాన్న లేరు.