గుంట లోతు

తెల్లవారగానే చౌడేశ్వరమ్మ మగ్గం గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటుంది. పక్కన, చనిపోయిన చెల్లెలి కూతురు కుప్పమ్మ రాట్నంపై కండెలు చుడుతూ ఉంటుంది. నగరి వీధిలో మగవాడి చెప్పుల చప్పుడైతే చాలు, నేస్తున్న చౌడేశ్వరమ్మ ఎడమచేయి పిల్ల భుజం మీదికి పోతుంది. చెల్లెలు కాలుజారి ఈ మగ్గం గుంటలోనే పడి చనిపోయిందని ఆమె మగడు, కుప్పమ్మ తండ్రి మునిరత్నం కోర్టులో చెప్పాడు. చెల్లెలి ఒంటిమీద దెబ్బలు చూసిన ఇరుగుపొరుగు నోరు విప్పలేదు. గుంట ఎంత లోతని న్యాయస్థానం అడగలేదు. అతన్ని నిర్దోషి అన్నారు. బిడ్డపై హక్కు తండ్రిదేనని చట్టం ముందే చెప్పి ఉంచింది.

మొన్న అతను గడపలో నిలబడి, "నా బిడ్డను పంపు వదినా. కోర్టే నన్ను ఇడిసిపెట్టినాది, అడ్డం చెప్పేదానికి నువ్వెవురు?" అన్నాడు. చౌడేశ్వరమ్మ నేస్తున్న నాడె పక్కనపెట్టి లేచి నిలబడింది. గుంట అంచు ఆమె మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. పైకెక్కి పక్కకు జరిగి, "పిల్చుకపో అబ్బా. ముందు ఈ గుంటలో దిగు. దీంట్లో పడి మనిషి ఎట్ల సస్తాదో నీ బిడ్డకు సూపించి పిల్చుకపో" అంది. కుప్పమ్మ రాట్నం ఆపి తండ్రి ముఖం చూసింది. అతను దిగలేదు, వెనుదిరిగాడు. చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటేవరకూ చౌడేశ్వరమ్మ ఎడమచేయి పిల్ల భుజం మీదే ఉంది. తరువాతే మగ్గం ఆడింది.